అటువైపు గోడ

“నువ్వు చూశావా?” అని అడిగాడు పళ్ల డాక్టరు.

తన కొత్త ఇంటి హాల్లో, గోడకు ఆనించి పెట్టిన ఒక పెద్ద ఫొటోను వేలితో పొడిచి చూపిస్తూ అడిగాడు. ఎదురుగా నిలబడ్డావిడ ఆ హాలు నేలను పదకొండు రోజులు మోకాళ్ల మీద పాకుతూ పరిచిన టైల్స్ మేస్త్రి. ముప్పై ఏళ్ల పనిలో ఆవిడను చాలామంది చాలా అడిగారు. ఆడదానివి, నీకు రసమట్టం చూడ్డం వచ్చా అన్నారు. మీ ఆయన రాడా అన్నారు. రేటు తగ్గించవా అన్నారు. అన్నిటికీ ఆవిడ దగ్గర జవాబుంది. దీనికి లేదు.

తగువు చిన్నదే. ఫొటోలో ఉన్నది ఎక్కడో విదేశంలో, ఒక పాత రాజభవనంలోని హాలు. నేలంతా తెలుపూ నలుపూ పలకలు, నడుమ ఎనిమిది కోణాల నక్షత్రం. అచ్చం అలాంటి నేలే కావాలన్నాడు డాక్టరు. ఆవిడ పద్ధతి ప్రకారమే వేసింది. గది నడిమధ్య దారాలు కట్టి, నక్షత్రాన్ని అక్కడ కూర్చోబెట్టి, అక్కణ్నుంచి గోడలవైపు జరుగుతూ పోయింది. గోడ దగ్గరికి వచ్చేసరికి నిండు పలక పట్టలేదు. రెండువైపులా సమానంగా కోసిన ముక్కలు పెట్టింది.

“ఫొటోలో గోడ దాకా నిండు పలకలే ఉన్నాయి. మరి నా ఇంట్లోకి ఈ ముక్కలెలా వచ్చాయి?” అన్నాడు డాక్టరు.

“ఫొటోలో ఒక గోడే పడిందండీ. అటువైపు గోడ దగ్గర ముక్కలుంటాయి.”

“ఉంటాయని నీకెలా తెలుసు?”

“ఏ గదీ నిండు పలకలతో తేలదు డాక్టరుగారూ. కొత్త పన్ను కట్టేటప్పుడు మీరు మాత్రం అరగదీయరా?”

పోలిక ఆయనకు నచ్చలేదు. అప్పుడే అడిగాడు ఆ మాట. అడిగి, ఇవ్వాల్సిన దాంట్లో ముప్పై ఆరు వేలు ఆపేశాడు.

అక్కడితో ఆగితే ఆవిడా ఊరుకునేదేమో. చేసిన పనికి డబ్బు ఎగ్గొట్టించుకోవడం ఆవిడకు కొత్త కాదు. కానీ పళ్ల డాక్టరు దగ్గరికి అందరూ వస్తారు. వచ్చినవాళ్లు నోరు తెరుచుకుని పడుకుంటారు, మాట్లాడేది ఆయనొక్కడే. ఆరు నెలలు తిరిగేసరికి ఆవిడకు ‘ముక్కల మేస్త్రి’ అని పేరు పడింది. ఖాయమైన మూడిళ్లు చేజారాయి. నాలుగో ఇంటివాళ్లు పని ఇచ్చారు గానీ, “అమ్మా, ముక్కలు మాత్రం వెయ్యొద్దు, సరేనా?” అని చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పారు. ఆవిడ తాపీ, దారాలు, రసమట్టం సంచిలో సర్దుకుని ఇంటికి వచ్చేసింది.

ఆవిడ గురించి రెండు ముక్కలు చెప్పాలి. పదిహేనేళ్ల వయసులో ఓ మేస్త్రి దగ్గర సిమెంటు కలిపే పనిలో చేరింది. ఆయన మోకాళ్లు పోయాక, ఆయన కూర్చుని చెబుతుంటే ఈవిడ పరిచింది. ఆయన చెప్పడం మానేశాక కూడా పరిచింది. అంతే. ఇందులో ఎవరూ ఎవరికీ దారి చూపించలేదు, ఎవరూ గోడలు బద్దలు కొట్టలేదు. ఒకాయనకు మోకాళ్లు పోయాయి, పక్కనున్న మనిషికి పని దొరికింది. ఇప్పుడు ఆవిడ మోకాళ్ల వంతు వచ్చింది. మెట్లు దిగుతుంటే కుడి మోకాలు తలుపు గడియలా పట్టేస్తుంది. ఆపరేషను తప్పదన్నారు. ఆవిడ భర్త బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. చేతికొచ్చిన డబ్బులో కొంత అందుకని విడిగా బ్యాంకులో వేశారు.

ఒకరోజు అన్నం తింటుండగా ఆవిడ, “ఆ డబ్బుతో విమానం టిక్కెట్లు కొందామయ్యా,” అంది.

“ఎక్కడికి?”

“ఆ హాలుకి.”

డ్రైవరు ముద్ద నమిలి, మింగి, నీళ్లు తాగాడు. “ఫోన్లో చూస్తే కనపడదా మేస్త్రీ?” అన్నాడు. ఇంట్లో కూడా ఆవిణ్ని మేస్త్రీ అనే పిలుస్తాడు, సరసానికీ కోపానికీ ఒకటే పిలుపు.

“విమానం టిక్కెట్లమ్మే షాపాయన్ని అడిగితే చూపించాడు, రెండొందల ఫొటోలు. అందరూ గుమ్మంలో నిలబడి వెలుతురున్న వైపే తీశారు. అటువైపు గోడ ఒక్కడికీ పట్టలేదు.”

చుట్టాలకు తెలిసింది. డ్రైవరు చెల్లెలు పనిగట్టుకుని వచ్చింది. “ముప్పై ఆరు వేల కోసం నాలుగు లక్షలు తగలేస్తావా వదినా? పోనీ పుణ్యమైనా వస్తుందా?”

“ముప్పై ఆరు వేల కోసమైతే వీధి చివరి దాకా కూడా పోను,” అంది ఆవిడ. “నా ఇంటిపేరు ముక్కలు అయిపోయింది. దాని కోసం పోతున్నా.”

వయసు మళ్లినవాళ్లు దూరం వెళితే పుణ్యానికి వెళ్లాలి, లేకపోతే పిల్లల దగ్గరికి వెళ్లాలి. ఈ రెండూ కాకపోతే మనసు విశాలం చేసుకోవడానికి వెళ్లాలి, దాన్ని పత్రికల వాళ్లు కూడా ఒప్పుకుంటారు. ఒక గదిలో ఒక గోడ మొదలు చూడ్డానికి వెళ్తున్నామంటే మాత్రం పిచ్చి కింద జమ కడతారు. వీసా ఆఫీసులో కిటికీ వెనకాయన “ఎందుకు వెళ్తున్నారు?” అంటే ఆవిడ “నేల చూడ్డానికి” అంది. డ్రైవరు మోచేత్తో పొడిచి, “ఊరు చూడ్డానికండీ, ఊరు,” అని సర్దాడు.

పద్నాలుగు గంటల ప్రయాణం. విమానం ఎక్కిన దగ్గర్నుంచీ డ్రైవరుకు ఒకటే బాధ: తోలేవాడు కనపడడు. నలభై ఏళ్లు వందలమంది తన వీపు చూస్తూ ప్రయాణం చేశారు, అదే వాళ్ల ధైర్యం అని ఆయన నమ్మకం. తన వంతు వచ్చేసరికి తలుపు వేసేశారు.

“వాడు నిద్రపోతే మనకెలా తెలుస్తుంది?” అన్నాడు.

“నువ్వు నిద్రపోలేదని నీ బస్సులో వాళ్లకు ఎలా తెలిసేది?”

“అద్దంలో నా కళ్లు కనపడేవి.”

“అయితే ఇన్నాళ్లూ అద్దంలో జనాన్ని చూస్తూ తోలావన్నమాట. ఆడవాళ్ల సీట్లు ముందు వైపేగా.”

ఆయన కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. ఆవిడ మాత్రం గంటకోసారి లేచి నడిచింది. మోకాలు ముడిచి కూర్చుంటే పట్టేస్తుంది. అక్కడ దిగాక పట్టేస్తే ఇంత దూరం వచ్చిందీ దండగే. నడవా ఈ చివరి నుంచి ఆ చివరికి నలభై ఆరు అడుగులు. పోను నలభై ఆరు, రాను నలభై ఆరు. నిద్రపోతున్నవాళ్ల కాళ్లు దాటుకుంటూ, సీట్ల తలలు పట్టుకుంటూ పది రౌండ్లు. ఆరోసారి లేచినప్పుడు విమానంలో పనిచేసే అమ్మాయి ఆపి, ఏమైనా కావాలా అన్నట్టు చూసింది. ఆవిడ మోకాలు చూపించి, రెండు చేతులూ రుద్దుకుని వణికినట్టు నటించింది. ఆ అమ్మాయి దుప్పటి తెచ్చిచ్చింది. ఆవిడ తల అడ్డంగా ఊపి, గ్లాసులో మిగిలిన ఐసుముక్క తీసి మోకాలి మీద పెట్టి చూపించింది. అప్పుడు సంచి నిండా ఐసు వచ్చింది.

దిగాక అందరూ పాస్‌పోర్టుల వరుసకు పరుగెత్తుతుంటే ఆవిడ ఆగి నేల పలకల వైపు చూసింది. “జాయింట్లు చూడయ్యా, అగ్గిపుల్ల దూరదు,” అంది.

“ముందు నడువు. మనల్నే ఆపేస్తారు వీళ్లు.”

వీళ్లు బస చేసిన గది నాలుగో అంతస్తులో, లిఫ్టు లేదు. టిక్కెట్ల షాపాయన ఆ సంగతి చెప్పలేదు, అద్దె తక్కువెందుకో వీళ్లూ అడగలేదు. ఆవిడ మెట్టుకో కాలు చొప్పున, ఎడమది ముందు, కుడిది వెనక, పిల్లలు ఎక్కినట్టు ఎక్కింది. డ్రైవరు రెండు పెట్టెలూ మోస్తూ వెనకే ఎక్కాడు. పైకి వెళ్లాక ఇద్దరూ మంచం మీద కూలబడ్డారు. తర్వాత ఆవిడ లేచి స్నానాలగది తలుపు తీసింది.

“వాటం తప్పు,” అంది. “నీళ్లన్నీ తలుపు వైపే వస్తాయి.”

మర్నాడు పొద్దున తొమ్మిదికల్లా రాజభవనం గుమ్మం ముందున్నారు. టిక్కెట్లు కొని లోపలికి వెళ్లారు. ఫొటోలో చూసినదే హాలు, అయితే ఫొటోకు మూడింతలుంది. కిటికీల వైపు గోడ దాకా నిండు పలకలే. అది తెలిసిందే. ఆవిడ అటు చూడను కూడా చూడకుండా ఎదురు గోడకు నడిచింది.

అక్కడ తాడు కట్టి ఉంది. తాడుకు అవతల గోడ పొడుగునా చెక్క బెంచీలు. వాటి కింద ఖాళీ లేదు, ముందు అంచు నుంచి చెక్క దిగి నేలను తాకుతోంది. గోడా కనపడుతోంది, నేలా కనపడుతోంది, రెండూ కలిసే చోటు మాత్రం బెంచీల వెనక ఉంది.

ఆవిడ తాడు దగ్గర ఎటూ తోచక నిలబడింది. మేస్త్రి మనిషికి తోచనప్పుడు చేతులకు పని కావాలి. సంచిలోంచి ఒక నాణెం తీసి, మెల్లిగా వంగి, తాడు పక్కనున్న పలక మీద కొట్టింది. టంగ్. పక్కది. టంగ్. దాని పక్కది. టంగ్. నాలుగోది డొబ్బుమంది. లోపల డొల్ల. కింద సున్నం వదిలేసింది, పలక గాలి మీద నిలబడి ఉంది. ఎక్కడున్నదీ ఆవిడకు గుర్తు లేదు. ముప్పై ఏళ్లుగా డొల్ల పలక దొరికితే ఏం చేస్తుందో అదే చేసింది. సంచి అడుగునుంచి సుద్దముక్క తీసి, పలక మీద ఈ మూల నుంచి ఆ మూలకు అడ్డంగా రెండు గీతలు గీసింది. పీకి మళ్లీ వెయ్యండి అని అర్థం.

“ఒసేయ్,” అన్నాడు డ్రైవరు. అంతకుమించి మాట రాలేదు.

మూడొందల ఏళ్ల నాటి నేల అది. నల్లపలక మీద తెల్లటి గీతలు గుమ్మంలోకి కూడా కనపడుతున్నాయి. కాపలా ఆయన పరుగెత్తుకుంటూ వచ్చాడు. పొడుగ్గా, మీసాలు లేకుండా, ఇస్త్రీ చేసిన కోటులో ఉన్నాడు. గీతల్ని చూశాడు, ఆవిడను చూశాడు, ఆవిడ చేతిలోని సుద్దముక్కను చూశాడు. ఆవిడ పలక మీద మళ్లీ నాణెంతో కొట్టి, “డొల్లండీ. వినండి, డొల్ల,” అని తెలుగులో విడమరిచి చెప్పింది. ఆయనకు ఎక్కలేదు. ఇద్దర్నీ భుజాలు పట్టుకోకుండా, పట్టుకున్నంత పనిచేసి బయటికి పంపించాడు.

వీధిలోకి వచ్చాక డ్రైవరు నవ్వాడు. మొదట చిన్నగా, తర్వాత పక్కనున్న స్తంభం పట్టుకుని. “నాలుగు లక్షలు పెట్టి వచ్చి, రాజుగారి ఇంటికి పేచీ పెట్టావే.”

“డొల్లే కదా మరి.”

“డొల్లే. జైల్లో వెయ్యలేదు, సంతోషించు. ఇక ఊరు చూద్దాం పద.”

“రేపు చూద్దాం. ఎల్లుండి మళ్లీ ఇక్కడికే.”

“రానిస్తాడా వాడు?”

“రానివ్వకపోతే అవతలి రోజు కూడా వస్తా. ఐదు రోజులుందిగా.”

రెండో రోజు ఆయన రోజు. రోజంతా చెల్లే బస్సు టిక్కెట్టు కొని ఏ బస్సు వస్తే ఆ బస్సు ఎక్కారు. డ్రైవరు ప్రతి బస్సులోనూ తోలేవాడి వెనకే నిలబడ్డాడు, సీట్లు ఖాళీగా ఉన్నా సరే. మలుపు తిరిగే ముందు తన కుడికాలు నేలకు తొక్కిపెట్టాడు. ఒకచోట ఇరుకు సందులో పొడవాటి బస్సు వెనక్కి తిరిగితే, “వాహ్, వీడెవడో మనవాడే,” అన్నాడు. ఊళ్లోకెల్లా పెద్ద నది, పెద్ద వంతెన, ఎత్తైన బురుజు చూశారు. బురుజుకు మూడొందల పన్నెండు మెట్లని బోర్డు మీద రాసి ఉంది. పైనుంచి ఊరంతా కనపడుతుందట. జనం వరుసలో నిలబడి ఎక్కి, పైన ఫొటో దిగి, అలసటతో మొహాలు వేలాడేసుకుని దిగుతున్నారు.

“నువ్వెక్కిరా. నా మోకాళ్లు రేపటికి దాచాను,” అంది ఆవిడ. కిందే కూర్చుని పేవ్‌మెంటు రాళ్లు లెక్కపెట్టింది. ఆయన ఎక్కి, దిగి వచ్చి, “పైనుంచి అన్నీ ఇళ్ల కప్పులే,” అన్నాడు. విహారయాత్రల గురించి ఇంతకంటే నిజమైన మాట పత్రికల్లో చదవం.

మూడో రోజు గుమ్మంలో అదే కాపలా ఆయన. ఆవిడను చూసి చెయ్యి అడ్డం పెట్టాడు. ఆవిడ సంచి తెరిచి, అందులో ఉన్న మూడు సుద్దముక్కలూ ఏరి ఆయన అరచేతిలో పెట్టింది. ఎందుకైనా మంచిదని జేబురుమాలు కూడా దులిపి చూపించింది. ఆయన కాసేపు తన చేతిలోకి చూసుకున్నాడు. ముక్కల్ని కోటు జేబులో వేసుకుని పక్కకు జరిగాడు.

లోపల ఆవిడ గీతలు గీసిన పలక చుట్టూ నాలుగు పసుపు స్టాండ్లు పెట్టి ఉన్నాయి. గీతలు తుడిచేశారు గానీ నల్లరాతి మీద తెల్లటి మసక అలాగే ఉంది. మోకాళ్లకు తోలు తొడుగులు కట్టుకున్న ఒకాయన ఆ పలకను సన్నటి ఉలితో లేపుతున్నాడు. పక్కన బకెట్, తడిగుడ్డ, చిన్న చెక్కసుత్తి. ఆవిడకు ఆ మనిషి గురించి ఇంకేం తెలియనక్కర్లేదు.

“మేస్త్రి,” అంది డ్రైవరుతో, దారి మీద చుట్టం కనపడ్డట్టు.

ఆవిడ తాడు దగ్గరికి వెళ్లి మొన్నటి నాణెం తీసి, లేవబోతున్న పలక పక్కదాని మీద కొట్టింది. ఆయన తలెత్తాడు. ఆవిడ మసకగా ఉన్న గీతల్ని చూపించి, తన గుండె మీద చెయ్యి పెట్టుకుంది. ఆయన కాపలా ఆయన వైపు చూసి ఏదో అడిగాడు. కాపలా ఆయన ఏదో చెప్పి భుజాలు ఎగరేశాడు. మేస్త్రి నవ్వి, పక్కకు జరిగి, లేపిన పలక కింద చూపించాడు. లోపల సున్నం పొడిపొడిగా రాలిపోయి ఉంది.

తర్వాతి మాటలన్నీ చేతులతోనే. ఆవిడ బెంచీని చూపించింది. రెండు చేతులతో పలక ఆకారం గీసి, అడ్డంగా కోసినట్టు చూపించి, గోడ వైపు వేలు పెట్టింది. ఉందా? ఆయన అర్థం చేసుకున్నాడో లేదో గానీ, లేచి కాపలా ఆయన్ని కేకేశాడు. ఇద్దరూ కలిసి ఒక బెంచీని జానెడు, మళ్లీ జానెడు ముందుకు లాగారు. తాడు ఎత్తి ఆవిడను లోపలికి రమ్మన్నారు.

బెంచీకీ గోడకూ మధ్య మనిషి పట్టేంత సందు. ఆవిడ ఎడమ మోకాలు ఆనించింది. కుడిది ఆనించేటప్పుడు పళ్లు బిగపట్టింది. దుమ్ము చేత్తో తుడిచింది.

ముక్కలున్నాయి. గోడ పొడుగునా ఉన్నాయి. రెండు వేళ్ల వెడల్పు సన్నటి పీలికలు, కొన్ని వంకరగా, కొన్ని మూల విరిగి, మధ్యలో సున్నం పూసి కప్పేసినవి. ఆ కాలంలో వేసినాయన కిటికీ వైపు నుంచి నిండు పలకలతో బయల్దేరి, తప్పంతా చీకటి గోడ దగ్గరికి తోసుకొచ్చి, బెంచీల కింద దాచేశాడు.

“చూశావా?” అన్నాడు డ్రైవరు, బెంచీ మీదుగా వంగి.

“చూశాను. ఛండాలంగా ఉంది పని,” అంది ఆవిడ. “సగం పలక కంటే సన్న ముక్క నేనైతే చచ్చినా వెయ్యను. పైగా వీడి నక్షత్రం గది మధ్యలో లేదయ్యా, ఇటు గోడకే దగ్గర. అడుగులు వేసి చూడు. ఫొటో తియ్యి. నా చెయ్యి కూడా పడాలి, కొలత తెలియాలి.”

పీలికల పక్కన ఆవిడ చెయ్యి జాన చాపింది. డ్రైవరు పన్నెండు ఫొటోలు తీశాడు. తొమ్మిదింట్లో ఆయన బొటనవేలు పడింది.

లేవడం ఆవిడ వల్ల కాలేదు. మేస్త్రి ఒక చెయ్యి, డ్రైవరు ఒక చెయ్యి పట్టుకుని లేపారు. వెళ్లిపోతుంటే మేస్త్రి ఆపి, గోడ వెంబడి మిగతా పలకల్ని చూపించి, నాణెం కొట్టినట్టు సైగ చేశాడు. కాపలా ఆయన జేబులోంచి మూడు సుద్దముక్కలూ తీసి, ఒకటి ఆవిడ చేతికిచ్చాడు. ఆవిడ బెంచీ మీద కూర్చుని, ఆ మేస్త్రి చెక్కసుత్తితో డ్రైవరు కొడుతుంటే విని, ఏది డొల్లో చెప్పింది. గంటసేపట్లో ఇంకా తొమ్మిది పలకల మీద గీతలు పడ్డాయి, ఈసారి పోట్లాట లేకుండా.

“కూలి అడగవే,” అన్నాడు డ్రైవరు దారిలో.

“ఏ భాషలో అడగను?”

ఇంటికి చేరిన నాలుగో రోజు ఆవిడ బొటనవేలు పడని ఒక ఫొటోను రెండు జానల పొడుగున వేయించి, అద్దం కట్టించి, పళ్ల డాక్టరు క్లినిక్‌కు వెళ్లింది. చీటీ తీసుకుని వరుసలో కూర్చుంది. లోపలికి పిలిచేసరికి కుర్చీలో ఇంకొకాయన నోరు తెరుచుకుని ఉన్నాడు. ఫర్వాలేదు అనుకుంది ఆవిడ, సాక్షి ఉండడం మంచిదే.

“చూసొచ్చాను డాక్టరుగారూ,” అంది.

డాక్టరు ఫొటోను కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూశాడు. ఆవిడ చేతినీ, పీలికల్నీ, బెంచీ అంచునీ చూశాడు. గోడకున్న గిల్టు అంచును తన ఫొటోతో పోల్చాడు. అదే గది అని ఒప్పుకోక తప్పలేదు.

“నిజంగా వెళ్లావా?”

“టిక్కెట్టు కూడా ఉందండీ. రెండు రోజులకు రెండు కొనాల్సొచ్చింది.”

కుర్చీలో ఉన్నాయన ఏదో అనబోయి, నోట్లో దూది ఉండబట్టి గొణిగాడు. డాక్టరు ఫొటో తిరిగిచ్చాడు. “సరే, ముక్కలున్నాయి,” అన్నాడు. “కానీ ఒకవైపే ఉన్నాయి. నువ్వు నా ఇంట్లో రెండువైపులా పెట్టావు.”

“ఒకవైపే పెట్టాలంటే మీరూ బెంచీ వేసి కప్పాలండీ. దాచాల్సిన పని చెయ్యడం నాకు రాదు.”

“అది నాకు తెలీదు. ఒకవైపుకే డబ్బిస్తాను.”

సొరుగు తీసి పద్దెనిమిది వేలు లెక్కపెట్టి ఇచ్చాడు. ఆవిడ మళ్లీ లెక్కపెట్టుకుని తీసుకుంది. సరిపోయింది అనలేదు, చెల్లు అని రాసివ్వనూ లేదు. ఫొటో మాత్రం వెయిటింగ్ రూములో మేకుకు తగిలించమని ఇచ్చి వచ్చింది. కుర్చీలో ఉన్నాయన దూది తీశాక ఊరుకోలేదని తర్వాత తెలిసింది. వారం తిరక్కుండా చేజారిన మూడిళ్లలో రెండిళ్లవాళ్లు ఫోన్ చేశారు.

ముక్కల మేస్త్రి అనే పేరు పోలేదు. ఇప్పుడు పనికి పిలిచేవాళ్లే అలా పిలుస్తున్నారు. మోకాలి ఆపరేషను వచ్చే ఏడాదికి వాయిదా పడింది. రెండో ఇంటి నేల సగం అయింది.

డాక్టరు దగ్గర ఇంకా పద్దెనిమిది వేలు రావాలి.